హెల్త్ సైన్సెస్ డిగ్రీలో చేరే ముందు ఖర్చు, జీతం లెక్క వేసుకోవడం ఎలా

ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు ఒక్కసారిగా పది పేర్లు వినిపిస్తున్నాయి: బీఎస్సీ నర్సింగ్, బీపీటీ (ఫిజియోథెరపీ), ఫార్మ్ డీ, బీ ఫార్మసీ, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ), అనస్థీషియా టెక్నాలజీ, డయాలిసిస్, ఆప్టోమెట్రీ. ఫోన్‌కు కాలేజీల పాంప్లెట్లు వస్తుంటాయి. "సీట్లు అయిపోతున్నాయి, ఈ రోజే పది వేలు కట్టి బ్లాక్ చేసుకోండి" అని ఎవరో ఒకరు రోజూ పిలుస్తారు. ఈ టెన్షన్‌లో చాలా కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న "ఫీజు ఎంత?" అన్నదే.

ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఫలానా కోర్సు చదివి రెండేళ్లు పనిచేసిన మనిషి చేతికి నెలకు ఎంత వస్తోంది? లెక్క అక్కడ మొదలుపెట్టి వెనక్కి రండి. ఆ జీతం మోయగలిగిన ఖర్చు ఎంతో తేలాక ఫీజు గురించి మాట్లాడొచ్చు. ఒక నోటు పుస్తకం, పెన్ను, వారం రోజుల ఓపిక ఉంటే చాలు, ఈ పని ఇంట్లోనే అయిపోతుంది.

1. ముందు జీతం కనుక్కోండి

కాలేజీ వాళ్లను అడగకండి. వాళ్లు పెద్ద ప్యాకేజీ వచ్చిన ఒక్క విద్యార్థి ఫోటో చూపిస్తారు. మీ జిల్లా కేంద్రంలో ఓ మోస్తరు ప్రైవేటు ఆసుపత్రికి డ్యూటీ మారే వేళకు వెళ్లండి. చాలా చోట్ల మధ్యాహ్నం రెండింటికి మార్నింగ్ డ్యూటీ వాళ్లు బయటికి వస్తారు. "అక్కా, మా చెల్లిని నర్సింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం, ఒక్క రెండు నిమిషాలు" అంటే ఎవరూ కసురుకోరు. మూడు విషయాలు అడగండి. చేరినప్పుడు చేతికి ఎంత వచ్చింది, ఇప్పుడు ఎంత వస్తోంది, నెలకు ఎన్ని నైట్ డ్యూటీలు పడుతున్నాయి. పీఎఫ్, ఈఎస్‌ఐ పోగా ఎంత అని తప్పకుండా అడగండి, ఎందుకంటే కాగితం మీది జీతం వేరు, బ్యాంకులో పడేది వేరు. ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియో, ఫార్మసిస్ట్ విషయంలోనూ ఇలాగే చేయండి. ఒక్కో కోర్సుకు కనీసం ముగ్గురిని, వేర్వేరు ఆసుపత్రుల్లో అడగాలి.

తెలుగు రాష్ట్రాల్లో చిన్న, మధ్యస్థాయి ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన నర్సుకో టెక్నీషియన్‌కో పదిహేను, ఇరవై వేల మధ్య చెబితే ఆశ్చర్యపోకండి. అంతకంటే తక్కువ చెప్పేవాళ్లూ ఉంటారు.

ఇప్పుడు అదే పేజీలో రెండో వైపు ప్రభుత్వ జీతం రాయండి. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024లో ఇచ్చిన నోటిఫికేషన్లలో నర్సింగ్ ఆఫీసర్ పే స్కేల్ 36,750 నుంచి 1,06,990 వరకు, ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 స్కేల్ 32,810 నుంచి 96,890 వరకు, ఫార్మసిస్ట్ గ్రేడ్-2 స్కేల్ 31,040 నుంచి 92,050 వరకు ఉన్నాయి. ఎయిమ్స్ సంస్థలు నార్‌సెట్ పరీక్షతో తీసుకునే నర్సింగ్ ఆఫీసర్‌కు 7వ వేతన సంఘం ప్రకారం మూల వేతనమే 44,900. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వీటికి అదనం.

ఒకే చదువు, దాదాపు ఒకే పని. జీతంలో మాత్రం రెండింతలు, మూడింతల తేడా. ఇది అన్యాయమే. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇప్పటికీ చాలా ఆసుపత్రుల గుమ్మం దాటలేదు. రాత్రంతా ఐసీయూలో నిలబడి ప్రాణాలు కాపాడే మనిషికి ఇచ్చే విలువ ఇదా అని కోపం రావాల్సిన విషయం. కానీ మీ లెక్కలో మాత్రం అమలు కాని సిఫారసును కాకుండా, ఆ అక్క చెప్పిన అంకెనే రాయాలి.

ఈ తేడా నుంచి ఒక నిర్ణయం పుడుతుంది. మీరు చదువు అయ్యాక పోటీ పరీక్షలకు కూర్చునే మనిషేనా? అవునంటే డిగ్రీ విలువ ఒక రకం, కాదంటే మరో రకం. తెలంగాణ నోటిఫికేషన్లలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 పాయింట్లు ప్రభుత్వ సంస్థల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు ఇచ్చారు. అంటే జీతం తక్కువైనా ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికితే దానికి లెక్కలోకి రాని విలువ ఉంది. అబ్బాయిలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు ఇవ్వాలని 2019లో నిర్ణయించారు. మగపిల్లలు నార్‌సెట్ ఒక్కదాన్నే నమ్ముకుని నర్సింగ్‌లో చేరకూడదు.

2. గుర్తింపు చూడండి, తర్వాత ఆసుపత్రి చూడండి

నర్సింగ్‌కు గుర్తింపు ఇచ్చేవి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్. ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. ఫిజియోథెరపీ, ల్యాబ్, ఇమేజింగ్, ఆప్టోమెట్రీ వంటివాటికి 2021 చట్టంతో జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ వచ్చింది. రాష్ట్రంలో పారామెడికల్ బోర్డులు ఉన్నాయి. కాలేజీ ఏ యూనివర్సిటీ కిందిదో కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం తమ అనుబంధ కాలేజీల జాబితా పెడతాయి. అందులో పేరు లేకపోతే ఎందుకు లేదో తేలేదాకా ఒక్క రూపాయి కట్టొద్దు.

దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో హెల్త్ కోర్సు అని ఎవరైనా అంటే అక్కడితో మాట ముగించండి. ఈ 2021 చట్టం పరిధిలోని కోర్సులను ఆ పద్ధతిలో నడపకూడదని యూజీసీ 2025 జులై నుంచి ఆపేసింది.

కాగితాలు సరిపోయాక కాలేజీకి వెళ్లండి. కానీ బిల్డింగు, ఏసీ క్లాస్‌రూములు చూసి రాకండి. మీరు చూడాల్సింది ఆ కాలేజీ ఆసుపత్రిని. నర్సింగ్ కాలేజీకి వంద పడకల మాతృ ఆసుపత్రి ఉండాలన్నది కౌన్సిల్ నిబంధన. ఆదివారం కాకుండా మామూలు రోజున, ఉదయం పది గంటలకు వెళ్లి ఓపీ దగ్గర అరగంట కూర్చోండి. చీటీల దగ్గర క్యూ ఉందా? వార్డుల్లో మంచాల మీద మనుషులు ఉన్నారా, లేక దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయా? క్యాజువాలిటీలోకి కేసులు వస్తున్నాయా? పేషెంట్లు లేని ఆసుపత్రిలో చదివిన పిల్లలకు ఐవీ లైన్ (సెలైన్ కోసం నరంలోకి సూది) పెట్టడం బొమ్మ మీదే వస్తుంది. లాగ్ బుక్‌లో మాత్రం వంద కేసులు చూసినట్టు సంతకాలు ఉంటాయి. మొదటి ఇంటర్వ్యూలో పెద్ద ఆసుపత్రి మేట్రన్ (నర్సుల మీద పెద్ద) నాలుగు ప్రశ్నల్లో ఇది పట్టేస్తారు, అప్పుడు దొరికేది చిన్న నర్సింగ్ హోమ్ ఉద్యోగమే. డిగ్రీ విలువలో సగం ఈ మంచాల దగ్గరే తేలిపోతుంది.

బెంగళూరు కాలేజీల సంగతి వేరుగా చెప్పాలి. మన పిల్లలు ఏజెంట్ల ద్వారా అక్కడికి చాలామంది వెళ్తున్నారు. మంచి కాలేజీలు లేవని కాదు. అయితే ఏజెంటుకు కమీషన్ ఇచ్చేది కాలేజీ, కాబట్టి అతను చెప్పేది కాలేజీ మాట. అక్కడ చదివితే ముందు ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, తర్వాత మన రాష్ట్ర కౌన్సిల్‌కు మార్చుకోవాలి. ఆ తిరుగుడుకు, ఆ నెలలకు కూడా మీ లెక్కలో చోటు ఉండాలి.

3. మొత్తం ఖర్చు రాయండి, ఫీజు ఒక్కటే కాదు

ట్యూషన్ ఫీజు కింద హాస్టల్, మెస్, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, పరీక్ష ఫీజులు, యూనిఫాం, పుస్తకాలు, రికార్డులు, క్లినికల్ పోస్టింగులకు బస్సు చార్జీ, కాషన్ డిపాజిట్, పండక్కి ఇంటికి వచ్చిపోయే ఖర్చు కూడా వేయండి. ఫీజు నాలుగేళ్లూ ఒకటేనా, ఏటా పెరుగుతుందా అని రాతపూర్వకంగా అడగండి. ఇంటర్న్‌షిప్ కాలంలో కూడా ఫీజు తీసుకుంటారా, స్టైపెండ్ ఇస్తారా అన్నది ఇప్పటి ఇంటర్న్‌లనే అడగండి. చాలా ప్రైవేటు కాలేజీల్లో స్టైపెండ్ అన్నది మాటల్లోనే ఉంటుంది.

ఒక నమూనా చూడండి. మేనేజ్‌మెంట్ కోటాలో నాలుగేళ్ల కోర్సు, ఏడాదికి ట్యూషన్ 80 వేలు, హాస్టల్, మెస్ కలిపి 75 వేలు, మిగతావన్నీ 20 వేలు అనుకుందాం. ఏడాదికి లక్షా 75 వేలు. నాలుగేళ్లకు 7 లక్షలు. ఫోన్‌లో మీకు చెప్పింది "80 వేలే సార్" అని!

కన్వీనర్ కోటాలో సీటు వస్తే కథ మారుతుంది. ట్యూషన్ తక్కువ, ఆదాయ పరిమితిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. కానీ ఆ డబ్బు వేళకు రాదు. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకోవడం, కాలేజీ వాళ్లు "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అనడం, కోర్సు అయ్యాక టీసీ, మెమోలు ఆపడం అందరికీ తెలిసిన తలనొప్పే. అందుకని రీయింబర్స్‌మెంట్ ఉన్నా ఒక ఏడాది ట్యూషన్ చేతిలో ఉంచుకునే చేరండి. పక్క రాష్ట్రం ప్రైవేటు కాలేజీలో డబ్బు కట్టి చేరేవాళ్లు ఈ పథకం మీద ఆశ పెట్టుకోకూడదు.

4. అప్పును నెల కిస్తీగా మార్చి చూడండి

పై నమూనాలో 2 లక్షలు ఇంటి నుంచి, 5 లక్షలు విద్యా రుణం అనుకుందాం. బ్యాంకు ఏటా లక్షా 25 వేల చొప్పున ఇస్తుంది. వడ్డీ 10 శాతం. చదివే నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు. చాలామంది ఇక్కడే మోసపోతారు, కిస్తీ లేదంటే వడ్డీ కూడా లేదనుకుంటారు. మొదటి ఏడాది తీసుకున్న డబ్బుకు ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాది దానికి నాలుగేళ్లది, తర్వాత మూడు, రెండు. మామూలు వడ్డీ కట్టినా లక్షా 75 వేలు. ఉద్యోగంలో కుదురుకునే సరికి అప్పు 6 లక్షల 75 వేలు అయి కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,900 కిస్తీ.

ఇప్పుడు మొదటి పేజీ తిప్పండి. అక్కడ జీతం 18 వేలు అని రాసి ఉందనుకుందాం. అందులో సగం బ్యాంకుకు పోతే, హాస్టల్ అద్దె, తిండి, బస్సు చార్జీ పోను మిగిలేది ఏమీ లేదు. పోటీ పరీక్ష కోచింగ్‌కు డబ్బుండదు, ఉద్యోగం మాని చదువుకునే వెసులుబాటు అసలే ఉండదు. అంటే అప్పు ఆ పిల్లను మంచి ఉద్యోగం వైపు వెళ్లనివ్వకుండా చిన్న ఉద్యోగంలోనే కట్టేస్తుంది. నన్నడిగితే హద్దు ఇది: మొదటి ఏడాది చేతికొచ్చే జీతంలో పావు వంతుకు మించి కిస్తీ ఉండకూడదు. 18 వేల జీతానికి 4,500. పదేళ్ల గడువుకు అది మూడు లక్షల నలభై వేల అప్పును మోస్తుంది, చదివే రోజుల్లో పేరుకున్న వడ్డీతో సహా. అంతకు మించితే కాలేజీ మార్చండి, లేదా కోర్సు మార్చండి.

భారం తగ్గించే దారులు ఉన్నాయి. చదివే రోజుల్లోనే వడ్డీ కట్టేస్తుంటే, మొదటి ఏడాది నెలకు వెయ్యి పైచిలుకు, నాలుగో ఏడాదికి నాలుగు వేలు దాటుతుంది. అలా చేస్తే కిస్తీ 6,600 దగ్గర ఆగుతుంది. కొన్ని బ్యాంకులు ఇలా కట్టేవాళ్లకు వడ్డీలో కొంత తగ్గిస్తాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్ మీద సీటు వచ్చి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో బ్యాంకుకు వెళ్లే ముందే చూసుకోండి. పొలం తాకట్టు పెట్టి, చేబదులు తెచ్చి కట్టే ఇళ్లు కూడా ఈ లెక్కే వేయాలి. బయటి వడ్డీ రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ వడ్డీకి తెచ్చి ఈ కోర్సుల్లో ఏదీ చదవకూడదు.

5. ఒక్కో కోర్సును ఒక్క ప్రశ్నతో పరీక్షించండి

ప్రశ్న ఇదీ: ఇదే ఉద్యోగానికి తక్కువ ఏళ్లు, తక్కువ డబ్బుతో వెళ్లే దారి ఉందా?

ఫార్మ్ డీ దగ్గర ఇది గట్టిగా అడగాలి. ఆరేళ్ల చదువు, 2008లో మన దేశానికి వచ్చింది. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చన్న మాటే చాలామందిని లాగుతుంది. మంచాల దగ్గర డాక్టర్‌తో పాటు తిరిగి మందుల మోతాదు, రియాక్షన్లు చూసే క్లినికల్ ఫార్మసిస్ట్ పని ఎంతో విలువైనది. కానీ ఆ పోస్టులు పెట్టే ఆసుపత్రులు మన దగ్గర తక్కువ. చదివినవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే పని), క్లినికల్ రీసెర్చ్, మెడికల్ కోడింగ్ (చికిత్స వివరాలను కోడ్‌లుగా రాసే పని) కంపెనీల్లో చేరుతున్నారు. ఆ ఉద్యోగాలకు నాలుగేళ్ల బీ ఫార్మసీ వాళ్లనూ తీసుకుంటారు. మరి అదనంగా రెండేళ్ల ఫీజు, రెండేళ్ల జీతం వదులుకోవడానికి మీ దగ్గర కారణం ఉందా? ఉంటే చేరండి. ఆ రెండు అక్షరాల కోసమే అయితే వద్దు.

నర్సింగ్‌లో మూడేళ్ల డిప్లొమా జీఎన్‌ఎం చేసి, ఉద్యోగం చేస్తూ డబ్బు కూడాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చదవొచ్చు. 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉంటే జీఎన్‌ఎంతోనే నార్‌సెట్ రాయొచ్చు. ఇంట్లో డబ్బు గట్టిగా ఇబ్బంది అయితే ఇది మంచి దారి. స్తోమత ఉంటే మాత్రం నేరుగా బీఎస్సీయే మేలు.

ఫిజియోథెరపీకి మొదట్లో జీతం తక్కువే అయినా, చేతిలో పని ఉంటే ఇళ్లకు వెళ్లి చేసే చికిత్స, సొంత క్లినిక్ అన్న దారులు తెరిచే ఉంటాయి. అయితే ఇది నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది, కోర్సు కూడా కొత్త పాఠ్యప్రణాళికతో ఇంటర్న్‌షిప్ సహా ఐదేళ్లు అవుతోంది. చేరే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. డయాలిసిస్, క్యాథ్ ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు చేసే చోటు), అనస్థీషియా టెక్నాలజీల్లో ఉద్యోగం పెద్ద ఆసుపత్రులున్న ఊళ్లలోనే దొరుకుతుంది. సొంత ఊరు వదలలేనివాళ్లకు ఇవి సరిపోవు. ల్యాబ్ టెక్నీషియన్ పని మాత్రం మండల కేంద్రంలోనూ ఉంటుంది.

6. ఫారిన్ ఆశను వేరే పేజీలో రాయండి

"జర్మనీ వెళ్తే రెండేళ్లలో అప్పు తీరిపోతుంది" అన్న మాట అబద్ధం కాదు, కానీ దానికి ముందు ఖర్చు, కాలం ఉన్నాయి. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ భాష రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి పంపుతోంది, ముందు అక్కడ అడగండి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు) పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. కానీ పాసయ్యాక వీసా క్యూ మన దేశస్థులకు ఏళ్ల తరబడి ఉంది. గల్ఫ్‌కు ప్రోమెట్రిక్ అనే లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్లు అసలువేనా అని చూసే డేటాఫ్లో పరిశీలన, చాలా చోట్ల రెండేళ్ల అనుభవం కావాలి. ఏ ఏజెన్సీ అయినా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్ అయిందో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30 వేలు, జీఎస్టీ అదనం. లక్షల్లో అడిగేవాళ్ల దగ్గర కూర్చోవద్దు.

ఫారిన్ జీతాన్ని మొదటి పేజీ లెక్కలో కలపకండి. ఇక్కడి జీతంతోనే అప్పు తీరేలా ఉండాలి.

7. తక్కువ ఖర్చు సీట్లు ముందు ప్రయత్నించండి

మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో అమ్మాయిలకు బీఎస్సీ నర్సింగ్ ఉచితం, స్టైపెండ్ కూడా ఇస్తారు, చదివాక సైన్యంలో పనిచేయాలన్న బాండ్ ఉంటుంది, చివర లెఫ్టినెంట్ హోదా వస్తుంది. దానికి నీట్ స్కోరు అడుగుతారు. ఎంబీబీఎస్‌కు చాలని మార్కులు ఇక్కడ పనికొస్తాయి. ఎయిమ్స్ సంస్థలు బీఎస్సీ నర్సింగ్‌కు సొంత ప్రవేశ పరీక్ష పెడతాయి, ఫీజు నామమాత్రం. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో నర్సింగ్, ఫిజియోథెరపీ, అలైడ్ కోర్సులు ఉన్నాయి. ఆప్టోమెట్రీ అయితే ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి నడిపే కోర్సు చూడండి. వీటి దరఖాస్తు తేదీలు వేర్వేరు నెలల్లో వస్తాయి, క్యాలెండర్ మీద ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

8. వెబ్ ఆప్షన్లు, ఫీజు కట్టే రోజు

ఇప్పుడు మీ పుస్తకంలో కోర్సు, కాలేజీ, మొత్తం ఖర్చు, జీతం, కిస్తీ పక్కపక్కన ఉంటాయి. పావు వంతు హద్దు దాటినవి కొట్టేసి, మిగిలినవాటిని ఆసుపత్రిలో పేషెంట్ల రద్దీని బట్టి వరుసలో పెట్టండి. వెబ్ ఆప్షన్లు ఆ వరుసలోనే ఇవ్వండి. స్నేహితురాలు చేరుతోందని వరుస మార్చొద్దు.

ఫీజు కాలేజీ ఖాతాకే వేయండి, ఏజెంటు ఫోన్ నంబర్‌కు కాదు. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. బాండ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంటికి తెచ్చి చదవండి, మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు కట్టాలన్న షరతు ఉందేమో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, కాలేజీ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే ఒక్కో సర్టిఫికెట్ పేరు రాయించి, సీలు వేయించి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నాకే కౌంటర్ దగ్గర నుంచి కదలండి.